సౌత్ ఫోర్సైత్‌లో ఇల్లు: సబ్‌డివిజన్ నిండా మనవాళ్ళే ఉంటే కొనొచ్చా?

కొత్తఇల్లు_కిరణ్:
అందరికీ నమస్కారం. అట్లాంటా దగ్గర ఆల్ఫరెట్టాలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పాప వచ్చే ఏడు కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది, అందుకే ఫోర్సైత్ కౌంటీలో ఇళ్ళు చూస్తున్నాం. రెండు నచ్చాయి. ఒకటి 2016లో కట్టిన సబ్‌డివిజన్, అంటే లేఅవుట్ వేసి కట్టిన ఇళ్ళ కాలనీ. సాయంత్రం వెళ్తే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు పార్కులా ఉంది. టెన్నిస్ కోర్టులో క్రికెట్, క్లబ్‌హౌస్ మెట్ల మీద పెద్దవాళ్ళు స్వెటర్లు, మంకీ క్యాపులతో కూర్చుని రాజకీయాలు. రెండోది 1998 నాటి ఇల్లు, కాస్త ఉత్తరాన, కమ్మింగ్ వైపు. దాదాపు అందరూ తెల్లవాళ్ళే. స్థలం ఎక్కువ, ధర 80 వేల డాలర్లు తక్కువ. మా ఆవిడ ఓటు మొదటిదానికే. ఆఫీసులో ఒకాయన మాత్రం "ఇండియన్స్ సగం దాటిన చోట కొనకు, తెల్లవాళ్ళు చూడ్డం మానేస్తారు, అమ్మేటప్పుడు దెబ్బతింటావు" అంటున్నాడు. నిజమా?

గుంటూరుకారం_99:
ఏం దెబ్బతినవు బ్రో. మనవాళ్ళే అమ్ముతారు, మనవాళ్ళే కొంటారు. ఈస్ట్ ఫేసింగ్ అయితే బోర్డు పెట్టిన వారంలో పోతుంది. అసలు మనం రాకముందు అక్కడేముంది? కోళ్ళఫారాలు, ఆవులు. ఫోర్సైత్ ఇవాళ జార్జియాలో అందరికంటే డబ్బున్న కౌంటీ అయిందంటే మన పుణ్యమే.

లెక్కలమాస్టారు:
గుంటూరుగారూ, పుణ్యం పంచుకునే ముందు ఒకసారి సెన్సస్ చూద్దాం.

2000లో ఫోర్సైత్ జనాభా 98 వేల చిల్లర. అందులో ఆసియా వాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు, నల్లవాళ్ళూ అంతే. అప్పటికే అక్కడ మీడియన్ ఇంటి ఆదాయం (సగం ఇళ్ళకి అంతకంటే ఎక్కువ, సగం ఇళ్ళకి తక్కువ) ఏడాదికి 69 వేల డాలర్ల దగ్గరుంది. రాష్ట్రం మొత్తానికి తీస్తే 42 వేలే. అంటే మనం అడుగు పెట్టకముందే అది కలవారి కౌంటీ. కోళ్ళఫారాల కాలం 1980లలోనే పోతూ వచ్చింది. జార్జియా 400 రోడ్డు పడింది, ఆల్ఫరెట్టాలో ఆఫీసులు వచ్చాయి, అట్లాంటా ఉత్తరపు తెల్ల మేనేజర్లు లేక్ లేనియర్ దాకా ఇళ్ళు కట్టుకుంటూ పోయారు.

2010కి జనాభా లక్షా 75 వేలు, ఆసియా వాళ్ళు 6 శాతం. 2020కి రెండున్నర లక్షలు, ఆసియా వాళ్ళు 18 శాతం. వాళ్ళలో ఎక్కువమంది భారతీయులే. మీడియన్ ఆదాయం ఇప్పుడు లక్షా 30 వేలు దాటింది. చూడ్డానికి రెట్టింపు. కానీ ఆనాటి 69 వేలని ఇవాళ్టి ధరల్లోకి మారిస్తే లక్షా 20 వేలు అవుతుంది. పాతికేళ్ళలో అసలు పెరుగుదల పదో వంతు కూడా అనుమానమే.

కౌంటీ డబ్బున్నదే. మారింది డబ్బున్నవాళ్ళ రంగు.

గుంటూరుకారం_99:
మాస్టారూ, ఎప్పుడూ ఇంతే, పెళ్ళిలో కూడా క్యాటరింగ్ బిల్లు చదువుతారు 😀

అనిత_రియల్టర్:
కిరణ్ గారూ, నాకు ఇక్కడ లైసెన్స్ ఉంది. మీ ప్రశ్న నా ఆఫీసులో అడిగి ఉంటే నేను నోరు విప్పేదాన్ని కాదు. ఫలానా సబ్‌డివిజన్‌లో ఏ జాతివాళ్ళు ఎంతమంది, అది మీకు మంచిదా కాదా అని ఏజెంట్ చెప్పడం 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం తప్పు. మనవాళ్ళకి ఇది అర్థం కాదు. "అక్కా, మనవాళ్ళుండే చోటే చూపించు" అని ఫోన్ చేస్తారు. నేను స్కూలు, ధర, దూరం అడుగుతాను. వాళ్ళకి నేను పొగరుబోతుని.

ఇది కాగితం మీది చట్టం అనుకోకండి. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో న్యూస్‌డే పత్రిక మూడేళ్ళు రహస్యంగా ఏజెంట్లను పరీక్షించి 2019లో బయటపెట్టింది. ఒకే ఆదాయం, ఒకే బడ్జెట్ చెప్పి తెల్లవాళ్ళను, ఇతరులను వేరువేరుగా పంపారు. నల్లవాళ్ళకి దాదాపు సగం సార్లు తేడా చూపించారు. ఆసియా వాళ్ళకీ అయిదింట ఒకసారి.

రేసు పక్కన పెట్టి, ఇంటి గురించి చెప్తాను. ఇక్కడి బిల్డర్లు ఇప్పుడు కింది అంతస్తులోనే ఒక బెడ్‌రూమ్, ఫుల్ బాత్ పెట్టి కడుతున్నారు, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం. వంటగది వెనక తిరగమోతకి చిన్న కిచెన్ అడిగితే అదీ కట్టిస్తున్నారు. లేఅవుట్ రాగానే తూర్పు ముఖం లాట్లు ముందు అయిపోతాయి. మీరు చూసిన 1998 ఇంట్లో ఇవేవీ ఉండవు. ఆ 80 వేలల్లో కొంత ఇదే.

జాన్స్‌క్రీక్_శ్రీను:
కిరణ్ అన్నా, మీ ఆఫీసాయన మాట మొత్తం అబద్ధం కాదు, మొత్తం నిజం గూడ కాదు. నేను జాన్స్‌క్రీక్‌ల ఉంట, మీకు కింద కౌంటీ. మేమొచ్చినప్పుడు మా కల్‌-డి-సాక్‌ల (ముందుకు దారి లేని చిన్న వీధి) మా ఇల్లొక్కటే మనది. ఒక్కొక్కరే అమ్ముకుంట పోయిన్రు. ఎవ్వరు గొడవ జెయ్యలే, ఎవ్వరు ఒక్క మాట అనలే. పోయేముందు మఫిన్లు గూడ ఇచ్చి పోయిన్రు. ఏమన్న అడిగితే "పిల్లలు పెద్దగైన్రు, ఇంత ఇల్లెందుకు" అంటరు. తర్వాత సూస్తె ఇంకా పైకి డాసన్ కౌంటీల ఇంతకన్న పెద్ద ఇల్లు కట్టిన్రు.

ధర పడ్డదా? పడలే. వాళ్ళు పోతుంటె ధర పెరిగింది. గదే సమజ్ కాదు మీ ఆఫీసాయనకు.

న్యూజెర్సీ_మూర్తి:
శ్రీను చెప్పింది ఒక్క అట్లాంటా కథే కాదు. అప్పట్లో ప్రిన్స్‌టన్‌లో ఉన్న ఆర్థికవేత్త లియా బూస్టన్, ఇంకో ఇద్దరితో కలిసి కాలిఫోర్నియా స్కూల్ డిస్ట్రిక్టులను 2000 నుంచి 2016 దాకా పరిశీలించారు. ధనిక సబర్బుల్లో ఆసియా పిల్లలు చేరేకొద్దీ తెల్లపిల్లలు తగ్గారు. అది వట్టి జాతిద్వేషంతోనే జరిగిందనడానికి లేదు, ఇళ్ళ ధరలు పెరిగి తట్టుకోలేక పోయారనడానికీ లేదు. చదువుల పోటీ చూసి తల్లిదండ్రులు భయపడి ఉండొచ్చని వాళ్ళు అన్నారు.

మా పక్కన వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరోలో ఇది నడివీధిలోకి వచ్చింది. 2015లో అక్కడి స్కూల్ డిస్ట్రిక్టు సూపరింటెండెంట్ పిల్లల మీద ఒత్తిడి ఎక్కువైందని తల్లిదండ్రులకు పెద్ద లేఖ రాశారు. మిడ్‌టర్మ్‌లు, ఫైనల్స్ తీసేశారు, హోమ్‌వర్క్ లేని రాత్రులు పెట్టారు. అప్పటికి డిస్ట్రిక్టులో మూడింట రెండు వంతులు ఆసియా పిల్లలు. ఊరు రెండుగా చీలింది, చాలావరకు రంగు ప్రకారమే. తెల్లవాళ్ళు "పిల్లల్ని బతకనివ్వండి" అన్నారు, మనవాళ్ళు, చైనావాళ్ళు "చదువు స్థాయి దించేస్తున్నారు" అన్నారు. ఆ మీటింగుల కబుర్లు మా ఇళ్ళల్లో నెలల తరబడి నడిచాయి. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని ఒప్పుకున్నవాడు ఒక్కడూ కనబడలేదు నాకు.

ఫ్రిస్కో_పద్మ:
మా టెక్సస్‌లో ఇంకా వేగం. ఫ్రిస్కో 2000లో 34 వేల జనం ఉన్న ఊరు, 2020కి రెండు లక్షలు. నూటికి పాతికమంది పైగా ఆసియా వాళ్ళు. కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర శనివారం పార్కింగ్ దొరికితే అది కూడా కార్యసిద్ధే.

ఫ్రిస్కోలో "తెల్లవాళ్ళు పోయారు" అనలేం. ఖాళీ పొలాల్లో ఊరు పుట్టింది, అందరం కలిసే వచ్చాం. ఇప్పుడు కొత్తగా వచ్చే తెల్లవాళ్ళు ప్రాస్పర్, సెలైనా వైపు చూస్తున్నారు. మనవాళ్ళూ వాళ్ళ వెనకే అక్కడికి. మంచి స్కూలు, కొత్త ఇల్లు, పక్కింటివాడు తెల్లవాడు అయితే ఏదో భరోసా! ఆ పక్కింటివాడు వెళ్ళిపోతే మళ్ళీ వాడి వెనకే వెళ్తాం. మనకి మనవాళ్ళు కావాలి, మరీ ఎక్కువ అక్కర్లేదు. నా ఫ్రెండ్సే అంటారు ఇది, పేర్లు చెప్పను.

గుంటూరుకారం_99:
పద్మక్కా 🙏 మా ఇంట్లో నిన్న జరిగిన డిస్కషన్ యథాతథంగా దించేశారు.

రివర్‌డేల్_రావు:
నేను 1980లలో వచ్చినవాణ్ణి. మీరు మాట్లాడుకునే ఊళ్ళన్నీ అట్లాంటాకి ఉత్తరాన ఉన్నాయి. దక్షిణాన ఉన్న ఊరి సంగతి ఒక్కరూ ఎత్తలేదు కనక నేను రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీరంతా వైకుంఠ ఏకాదశికి వెళ్ళే అట్లాంటా హిందూ టెంపుల్ ఎక్కడుంది? రివర్‌డేల్‌లో. క్లేటన్ కౌంటీ, ఎయిర్‌పోర్టు పక్కన. కమ్మింగ్ నుంచి గంటకు పైగా డ్రైవింగ్. "ఇంత దూరంలో, ఈ ఏరియాలో ఎందుకు కట్టారండీ" అని ప్రతి కుర్రాడూ నన్ను అడుగుతాడు. అప్పట్లో మనవాళ్ళు ఒకచోట లేరు. డెకేటర్‌లో పటేల్ ప్లాజా దగ్గర కొందరు, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల కొందరు, మోటళ్ళు నడిపే గుజరాతీలు అన్నివైపులా. ఊరికి ఉత్తరం మంచిది, దక్షిణం చెడ్డది అని మాకెవరికీ తోచలేదు. క్లేటన్ అప్పుడు మామూలు మధ్యతరగతి కౌంటీ. ఎయిర్‌లైన్స్‌లో పనిచేసేవాళ్ళు, మెకానిక్కులు, టీచర్లు. 1980లో పదిమందిలో తొమ్మిదిమంది తెల్లవాళ్ళే.

తర్వాత రంగు మారింది. అట్లాంటాలో ఉండే నల్ల కుటుంబాలు, మనలాగే, పెరడున్న ఇల్లు, మంచి స్కూలు వెతుక్కుంటూ వచ్చాయి. 2000 నాటికి సగం మంది నల్లవాళ్ళు. ఇప్పుడు పదిలో ఏడుగురు. మీరు చెప్పిన మఫిన్ల కథే, శ్రీనూ. కాకపోతే అక్కడ తెల్లవాళ్ళు అమ్ముకుపోతుంటే వెనక డబ్బు రాలేదు, ఉన్నది పోయింది. ఒలింపిక్స్ ముందు నుంచి అట్లాంటా సిటీ పేదల కోసం కట్టిన తన పాత పబ్లిక్ హౌసింగ్ కూల్చుకుంటూ వచ్చింది. అక్కడి వాళ్ళలో కొందరు ప్రభుత్వ అద్దె వౌచర్లు పట్టుకుని క్లేటన్‌కి చేరారు. తర్వాత తీర్చే స్తోమత చూడకుండా ఇచ్చిన సబ్‌ప్రైమ్ లోన్లు, వాటి వెనకే జప్తులు. 2008లో అక్కడి స్కూళ్ళకి ఏకంగా గుర్తింపు రద్దు చేశారు, మరుసటి ఏడు తిరిగి ఇచ్చారు. 2010లో కౌంటీ బస్సులు ఆపేశారు, కారు లేనివాళ్ళు రోడ్డు పక్కన నడుచుకుంటూ పనికి పోవడం నేను గుడికి వెళ్తూ చూశాను. 2014లో ఓటేసి అట్లాంటా బస్సు, రైలు సంస్థ మార్టాలో చేరాకే మళ్ళీ బస్సు వచ్చింది.

ఒకే నగరం, దాదాపు ఒకే కాలం. రెండు కౌంటీల్లోనూ తెల్లవాళ్ళ వాటా తగ్గింది. ఒకచోట ధర ఎక్కింది, ఒకచోట దిగింది. మీ ఆఫీసాయన తెల్లవాడు పోతే ధర పోతుందని ఎక్కడ నేర్చుకున్నాడో తెలిసిందా కిరణ్? క్లేటన్ లాంటి చోట్ల నేర్చుకుని ఫోర్సైత్ మీద వాడుతున్నాడు.

లెక్కలమాస్టారు:
రావుగారు చెప్పినదానికి అంకె కూడా ఉంది. 2000 లెక్కల్లో క్లేటన్ మీడియన్ ఆదాయం 43 వేల దగ్గర, అంటే సరిగ్గా రాష్ట్రం సగటు ఇల్లే. ధరలు లెక్కేస్తే ఇవాళ 75 వేలు ఉండాలి. ఉన్నది 55 వేలు అటూఇటూ.

గుంటూరుకారం_99:
అది వేరు కదండీ. అక్కడికి వచ్చినవాళ్ళు వేరు. మనం కష్టపడి చదువుకుని వచ్చాం. అక్కడ క్రైమ్, డ్రగ్స్, వాళ్ళ కల్చర్

నిర్వాహకుడు:
గుంటూరుగారూ, ఆ వాక్యం అక్కడే ఆపినందుకు సంతోషం. ఒక జాతి మొత్తాన్ని ఒక్క మాటలో చుట్టేస్తే పోస్టు తీసేస్తాం.

లెక్కలమాస్టారు:
మాట ఆగినా ప్రశ్న ఆగదు కాబట్టి జవాబు చెప్తాను. "వచ్చినవాళ్ళు వేరు" అన్నది నిజమే, మీరనుకునే అర్థంలో కాదు. క్లేటన్‌కి రావడానికి ఎవడికీ వీసా అక్కర్లేదు, బీదవాడూ వచ్చాడు, ఉన్నవాడూ వచ్చాడు. ఫోర్సైత్‌కి వచ్చిన తెలుగువాణ్ణి ముందు ఎంసెట్ వడపోసింది, తర్వాత మాస్టర్స్ ఫీజు కట్టగలిగిన ఇల్లు వడపోసింది, ఆ తర్వాత హెచ్-1బి లాటరీ. 1990 చట్టం తెచ్చిన ఆ వీసా జల్లెడలో నిలిచినవాళ్ళనే అమెరికా తీసుకుంది. ఇక్కడి భారతీయ కుటుంబాల మీడియన్ ఆదాయం లక్షా 40 వేలు దాటిందంటే మన రక్తంలో కోడింగ్ ఉందని కాదు. ఊళ్ళో మిగిలిన మన బంధువులందరినీ కలిపి మీడియన్ తీసి చూడండి.

ఇంకోటి. డబ్బున్న నల్ల సబర్బులూ ఉన్నాయి. వాషింగ్టన్ పక్కన మేరీల్యాండ్‌లో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ, ఫెడరల్ ఉద్యోగులు, లాయర్లు, డాక్టర్లు. అక్కడి ఇంటిధరని నది అవతల వర్జీనియాలో అదే ఇంటిధరతో పోల్చండి. బ్రూకింగ్స్ సంస్థలో ఆండ్రే పెర్రీ బృందం 2018లో దేశమంతా లెక్కేసింది. ఇల్లు అలాంటిదే, చుట్టూ సౌకర్యాలు అలాంటివే అయినా, నల్లవాళ్ళ పేటలో ఉంటే సగటున 23 శాతం తక్కువ పలుకుతోంది. ఒక్కో ఇంటికి 48 వేల డాలర్లు. ఆ ఇంటివాడు డాక్టరైనా సరే.

ఇక్కడేపుట్టా:
హాయ్, నా తెలుగు రాత వీక్, అమ్మ సరిచేసింది. నేను సౌత్ ఫోర్సైత్‌లో పెరిగాను, ఇప్పుడు కాలేజీ.

అందరూ 2000 నుంచి మొదలుపెడుతున్నారు. 2000లో ఇక్కడ నల్లవాళ్ళు నూటికి ఒక్కరు కూడా ఎందుకు లేరు అని ఎవరూ అడగలేదు. అది దానంతటదే అలా లేదు. 1910 సెన్సస్‌లో ఈ కౌంటీలో 1,098 మంది నల్లవాళ్ళు. పొలాలున్నవాళ్ళు, చర్చిలు కట్టుకున్నవాళ్ళు. 1912 సెప్టెంబరులో మే క్రో అనే తెల్ల అమ్మాయి హత్య జరిగింది. ఆ నేరం అంటగట్టి, రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్ల ఆయన్ని జైల్లోంచి లాగి చంపి కమ్మింగ్ చౌరస్తాలో వేలాడదీశారు. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు నల్ల టీనేజర్లకి అక్టోబరులో ఉరి వేశారు, చూడ్డానికి వేలమంది వచ్చారు. తర్వాత తెల్లవాళ్ళ గుంపులు రాత్రుళ్ళు గుర్రాల మీద వచ్చి ఇళ్ళు కాల్చి, దాదాపు నల్లవాళ్ళందరినీ కౌంటీ దాటించాయి. కొందరు భూములు కారుచౌకగా అమ్ముకున్నారు, కొందరివి అమ్మకుండానే పక్కవాళ్ళ పేరుకి మారిపోయాయి.

తర్వాత 75 ఏళ్ళు అలాగే ఉంది. 1987 జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ చిన్న గుంపుతో కమ్మింగ్‌లో మార్చ్ చేస్తే రాళ్ళు, సీసాలు విసిరారు. వారం తర్వాత 20 వేలమంది వచ్చారు, మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా కింగ్, ఉద్యమ నేత జాన్ లూయిస్‌తో సహా. నేషనల్ గార్డ్ కాపలా. ఆ ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రే తన టీవీ షో ఇక్కడ చేసింది. మా నాన్న అప్పుడు వరంగల్‌లో ఇంటర్.

స్కూల్లో మాకు దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఊళ్ళో రాబ్ ఎడ్వర్డ్స్ గురించి పెట్టిన బోర్డు చదివాను, అప్పుడు తెలిసింది. కొన్నేళ్ళుగా ఇక్కడి చర్చిలవాళ్ళు కొందరు ఆ తరిమేసిన కుటుంబాల వారసుల పిల్లలకి కాలేజీ సాయం ఇస్తున్నారు. మన సంఘాల్లో దీని గురించి ఎవరైనా మాట్లాడారా? నేనైతే వినలేదు.

కొత్తఇల్లు_కిరణ్:
బాబూ, చాలా థ్యాంక్స్. ఇదంతా నాకు కొత్త. ఆ భూములు ఎక్కడ ఉండేవి?

ఇక్కడేపుట్టా:
కౌంటీ అంతటా అంకుల్. ఆస్కార్‌విల్ చుట్టుపక్కలది కొంత 1950లలో డ్యామ్ కట్టాక లేక్ లేనియర్ కింద మునిగింది. మిగతాది ఇప్పుడు సబ్‌డివిజన్లు, షాపింగ్.

జాన్స్‌క్రీక్_శ్రీను:
తమ్మీ, నువ్వు ఇంత రాసినవ్, మీ అమ్మకు దండం. మా పిల్లగాండ్లు తెలుగుల "ఆకలైతుంది" తప్ప రాయరు.

అయితే గుంటూరన్నా, ఇప్పుడు జెప్పు. ఖాళీ జాగల మనం వచ్చినం అంటివి. ఖాళీ జేసిన జాగ అది. 1912ల ఎవ్వరిని తరమకుంటె ఆ పొలాల వారసులు ఇయ్యాల మిలియనీర్లు.

గుంటూరుకారం_99:
అన్నా, నేను తరమలేదు కదా. మా తాత అప్పుడు తెనాలిలో వడ్లు కొలుస్తున్నాడు. కానీ ఒక్క మాట ఒప్పుకుంటా, మమ్మల్ని ఇక్కడికి రానిచ్చినవాళ్ళలో ఆ మార్చ్ చేసినవాళ్ళూ ఉన్నారు. అది ఎప్పుడూ ఆలోచించలేదు.

రివర్‌డేల్_రావు:
రానివ్వడం అనేది ఇంకా వెనక్కి పోతుంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయుడు తెల్లవాడు కాదు, పౌరసత్వానికి తగడు అంది. అప్పట్లో చాలాచోట్ల ఇంటి దస్తావేజులోనే "తెల్లజాతివారికి తప్ప అమ్మరాదు" అని షరతు రాసేవారు. 1948లో షెల్లీ కేసులో దాన్ని కోర్టులు అమలు చేయకూడదని తేల్చారు. ఆ కేసును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది సెయింట్ లూయిస్‌లో ఇల్లు కొన్న నల్ల దంపతులు. 1965 ఇమిగ్రేషన్ చట్టం కూడా పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే వచ్చింది. నేను వచ్చింది ఆ చట్టం కిందే.

ఫ్రిస్కో_పద్మ:
చరిత్ర సరే, ఇప్పుడు ఈ కౌంటీలో ఎవరు ఉండలేకపోతున్నారో కూడా చెప్పుకుందాం. మా దగ్గర ఇండియన్ గ్రోసరీలో బిల్లు కొట్టే అబ్బాయిలంతా మాస్టర్స్ చేస్తున్న మన పిల్లలే. నలుగురు కలిసి అద్దెకి ఉండేది వేరే ఊళ్ళో. మీ దగ్గరా అంతేనా?

అనిత_రియల్టర్:
అంతే. మన సబ్‌డివిజన్లలో గడ్డి కోసేవాళ్ళు, రూఫ్ వేసేవాళ్ళు, ఇళ్ళు శుభ్రం చేసేవాళ్ళు ఎక్కువగా గేన్స్‌విల్ నుంచి వస్తారు. కోళ్ళ ఫ్యాక్టరీల ఊరు, పదిలో నలుగురు లాటినోలు. పొద్దున ఆరున్నరకి హైవే 20 మీద ట్రెయిలర్లు లాక్కుంటూ పికప్పుల వరస చూడండి. టీచర్లు, షెరీఫ్ ఆఫీసు వాళ్ళు కూడా చాలామంది కౌంటీ బయటే ఉంటారు. రైలు లేదు, మార్టా నార్త్ స్ప్రింగ్స్‌లో ఆగిపోతుంది, ఫోర్సైత్ అందులో చేరలేదు.

అపార్ట్‌మెంట్లు కట్టడానికి జోనింగ్ అనుమతి అడిగిన ప్రతిసారీ హియరింగ్ హాలు నిండిపోతుంది. ఒకప్పుడు వద్దనేవాళ్ళంతా తెల్లవాళ్ళే. ఇప్పుడు మైకు దగ్గర క్యూలో మనవాళ్ళూ ఉంటున్నారు. స్కూళ్ళు నిండిపోతాయి, ట్రాఫిక్, ఇంటి విలువ... అవే మూడు మాటలు. ఆ మాట్లాడేవాళ్ళలో నాకు తెలిసిన ఇద్దరు రెండేళ్ళ కిందటి దాకా అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఇదే స్కూలు అడ్రసు వాడుకున్నవాళ్ళు.

గుంటూరుకారం_99:
అక్కా, వాళ్ళలో ఒకడు నేను కాదు కదా? హియరింగ్‌కి వెళ్ళాను మరి. స్కూల్లో ట్రెయిలర్ గదులు పెట్టారు, అందుకే వెళ్ళాను. అది తప్పా?

అనిత_రియల్టర్:
తప్పనలేదు తమ్ముడూ. ట్రెయిలర్ గదులు నిజమే. నేనూ ఆ స్కూలు పేరు చెప్పే ఇళ్ళు అమ్ముకుంటున్నాను కదా.

లెక్కలమాస్టారు:
కిరణ్, నీ అసలు ప్రశ్నకి వస్తాను. మీ ఆఫీసాయన చెప్పిన రిస్కు తప్పుడు రిస్కు. నిజమైనది వేరే ఉంది. మొదటి సబ్‌డివిజన్‌లో కొనేవాళ్ళంతా ఒకే గొట్టంలోంచి వస్తున్నారు: ఐటీ ఉద్యోగం, హెచ్-1బి, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల ఎన్నేళ్ళకీ రాని గ్రీన్‌కార్డు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. గొట్టం సన్నబడితే, రేపు నీ ఇల్లు కొనాల్సినవాడు ఇంకా హైదరాబాద్‌లోనే ఉండొచ్చు. ఒకే వీధిలో పది ఇళ్ళు ఒకే రకం ఉద్యోగం మీద నిలబడ్డప్పుడు, లేఆఫ్ వస్తే పదీ ఒకేసారి బోర్డు పెడతాయి. అందులో రంగు ప్రమేయం లేదు. ఒకే గనిని నమ్ముకున్న సింగరేణి పట్నంలో అయినా అంతే.

ఉత్తరాన ఉన్న 1998 ఇంటికి కొనేవాళ్ళు నాలుగు రకాలుగా వస్తారు. అందుకని అదే మంచిదని అనను. నీ పాపకి బస్‌స్టాప్‌లో తెలుగు మాట్లాడే తోడు ఉండాలా వద్దా అన్నది నా స్ప్రెడ్‌షీట్‌లో లేదు.

ఇక్కడేపుట్టా:
ఆ తోడు గురించి నేను చెప్తా. నా ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసుల్లో సగం పైగా ఇండియన్లే. లంచ్ టేబుల్ కూడా అంతే. మొదట్లో హాయిగా ఉండేది, ఎవరూ "ఆ వాసనేంటి" అనరు, పులిహోర డబ్బా తెరిస్తే నలుగురు చేయి పెడతారు. కానీ పదకొండో క్లాసుకి వచ్చేసరికి నా ఫ్రెండ్స్ అందరూ నా కాంపిటీషనే. ఎవరికి ఎస్‌ఏటీలో (కాలేజీ అడ్మిషన్ల పరీక్ష) ఎంతొచ్చిందో వాళ్ళ అమ్మ మా అమ్మకి ముందే చెప్పేది. మా గ్రేడ్‌లో నల్ల స్టూడెంట్ ఒకడితో బ్యాండ్‌లో ఫ్రెండ్‌షిప్ అయింది. వాడు మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటి తాతగారు కిటికీలోంచి చూసి, హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) గ్రూపులో "ఎవరో తెలియని కుర్రాడు తిరుగుతున్నాడు" అని ఫోటో పెట్టించారు. తాతగారు మంచివారే, నాకు సంక్రాంతికి అరిసెలు ఇస్తారు. వాడు మళ్ళీ రాలేదు. నేనూ పిలవలేకపోయాను.

గుంటూరుకారం_99:
...

రివర్‌డేల్_రావు:
ఆ పోస్టు మీ సబ్‌డివిజన్ గ్రూపులో ఇంకా ఉంటే దాని కింద ఆ అబ్బాయి ఎవరో, ఎందుకు వచ్చాడో ఇప్పటికైనా రాయి నాన్నా. తాతగారితో నేను మాట్లాడనా? మా వయసువాళ్ళకి మా వయసువాడు చెప్తే వింటారు. నంబరు ప్రైవేటు మెసేజ్‌లో పంపు.

ఇక్కడేపుట్టా:
పంపాను తాతగారూ.

కొత్తఇల్లు_కిరణ్:
అందరికీ థ్యాంక్స్. అప్‌డేట్: రెండో ఇంటికి ఆఫర్ వేశాం. మా ఆవిడ ఒప్పుకోవడానికి కారణం ఈ చర్చ కాదు, వెనక పెరట్లో మునగ చెట్టు వేసుకోవచ్చని (చలికి బతకదని చెప్పకండి, ఆవిడ చదువుతోంది). అమ్మేవాళ్ళు తెల్ల దంపతులు, ముప్ఫై ఏళ్ళ కిందట ఫ్లోరిడా నుంచి వచ్చారట. ఎందుకు వెళ్తున్నారంటే "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇంత ఇల్లెందుకు" అన్నారు. శ్రీను అన్నా, నాకు నవ్వు ఆగలేదు.

జాన్స్‌క్రీక్_శ్రీను:
మఫిన్లు ఇచ్చిన్రా?

కొత్తఇల్లు_కిరణ్:
క్లోజింగ్ రోజు, ఇల్లు మా పేరుకి మారేటప్పుడు చూడాలి. అనిత గారూ, ఇల్లు పడమర ముఖం, మామగారు వీడియో కాల్‌లో దిక్సూచి పెట్టి చూస్తున్నారు. లోన్ కోసం కట్టించే ఇంటి విలువ (అప్రైజల్) మా ఆఫర్ కంటే తక్కువ వస్తే మనం ఏం చేయొచ్చు?

అనిత_రియల్టర్:
వాస్తుకి నా దగ్గర మందు లేదు. అప్రైజల్ తక్కువైతే ధర తగ్గించమని అమ్మేవాళ్ళని అడగొచ్చు, తేడా మీరు కట్టొచ్చు, కాంట్రాక్టులో ఆ క్లాజు ఉంటే వెనక్కి తగ్గొచ్చు. క్లాజు ఉందో లేదో ఇవాళే చూడండి, గడువు ఉంటుంది. వడ్డీ రేటు లాక్ సంగతి లోన్ల విభాగంలో అడగండి, ఇక్కడ మొదలుపెడితే నిర్వాహకుడు ఊరుకోడు.

నిర్వాహకుడు:
ఊరుకోను.